పొసెషన్ యారోను రిఫరీలు ఎలా గుర్తుంచుకుంటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కోరు బోర్డు మీది అంకెలు ఎందుకు మారాయో బాస్కెట్‌బాల్ చూసే ప్రతివారికీ తెలుస్తుంది గానీ, స్కోరు రాసే స్కోరర్ కూర్చునే టేబుల్ మధ్యలో ఉండే చిన్న బాణం, అంటే పొసెషన్ యారో, ఎప్పుడు తిరిగిందో, ఎందుకు తిరిగిందో చాలామందికి అంతుపట్టదు. కొత్తగా విజిల్ చేతబట్టినవారికి, టేబుల్ దగ్గర కూర్చునేవారికి, ఆటను శ్రద్ధగా చూసేవారికి ఈ బాణం గురించి వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. విడిగా చెప్పిన చోట్ల తప్ప ఇవన్నీ అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాలను అనుసరించి రాసినవి. ఉదాహరణలలో ఒక జట్టును ఎరుపు జట్టు అని, మరొకదానిని నీలం జట్టు అని పిలుస్తున్నాం.

బాణం చూపేది ప్రస్తుతం బంతి ఎవరి దగ్గర ఉందన్న సంగతేనా?

కాదు. ప్రేక్షకులలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈ క్షణాన బంతి ఎవరి చేతిలో ఉన్నా బాణానికి దానితో సంబంధం లేదు. ఇక ముందు ఎప్పుడైనా బంతి ఎవరిదో తేల్చలేని పరిస్థితి వస్తే, అప్పుడు త్రో-ఇన్ (బంతిని హద్దు బయటి నుంచి మైదానంలోకి విసరడం) హక్కు ఎవరిదన్నది మాత్రమే బాణం చెబుతుంది. ఆ హక్కు ఉన్న జట్టు ఏ బాస్కెట్ వైపు దాడి చేస్తోందో ఆ వైపుకు బాణం మొన ఉంటుంది. అందువల్ల బంతి ఎరుపు జట్టు అదుపులో ఉన్నంతసేపూ బాణం నీలం జట్టు వైపే చూపుతూ ఉండవచ్చు.

అసలు ఇటువంటి ఏర్పాటు ఎందుకు అవసరమైంది?

1891లో బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటకు పదమూడు నియమాలు రాసినప్పుడే, హద్దు దాటిన బంతి విషయంలో వివాదం వస్తే అంపైర్ దానిని నేరుగా మైదానంలోకి విసరాలని అందులో పెట్టారు. అంటే ఎవరిదో తేలని బంతి అనే సమస్య ఆటతోపాటే పుట్టింది. ఆ తరువాత చాలాకాలం దానికి పరిష్కారం జంప్ బాల్: ఇద్దరు ఆటగాళ్ల మధ్య రిఫరీ బంతిని పైకి ఎగరేస్తాడు, వాళ్లు ఎగిరి దానిని తట్టాలి. ఒకప్పుడు ప్రతి బాస్కెట్ పడిన తరువాత కూడా మధ్య వృత్తంలో జంప్ బాల్ జరిగేది. అమెరికా కళాశాల ఆటలో ఆ పద్ధతి 1937-38 సీజన్ నుంచి పోయింది.

జంప్ బాల్‌లో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, పొడగరికి అది ముందే రాసిపెట్టిన వరం. పొట్టి ఆటగాడు కష్టపడి ప్రత్యర్థి చేతిలోని బంతిని గట్టిగా పట్టుకుని ఆపినా, తనకన్నా ఒక అడుగు ఎత్తున్నవాడితో ఎగరవలసి వస్తే ఆ కష్టానికి ఫలితం ఉండదు. రెండవది, బంతిని నిట్టనిలువుగా, ఇద్దరికీ సమానంగా ఎగరేయడం చూసినంత తేలిక కాదు. రిఫరీ చేయి ఏ మాత్రం వాలినా ఫలితం మారిపోతుంది. ఈ చిక్కులకు విరుగుడుగా అమెరికా కళాశాల పురుషుల ఆటలో 1981-82 సీజన్ నుంచి బాణం పద్ధతి ప్రవేశించింది. ఫిబా 2003లో దీనిని స్వీకరించింది.

ఆట మొదట్లో బాణం ఎటు ఉంటుంది? దానిని ఎవరు, ఎప్పుడు పెడతారు?

మొదటి క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాలలో మొదటిది) జంప్ బాల్‌తో మొదలవుతుంది కాబట్టి అప్పటికి బాణం ఎటువైపూ ఉండదు. జంప్ తరువాత మైదానంలో సజీవమైన (ఆటలో ఉన్న) బంతిని మొదట అదుపులోకి తెచ్చుకున్న జట్టు ఏదో చూసి, స్కోరర్ బాణాన్ని రెండవ జట్టుకు పెడతాడు. బంతి దక్కనివారికి తదుపరి అవకాశం ఇవ్వడమే ఇందులోని న్యాయం.

ఇక్కడ గమనించవలసింది బంతిని ఎవరు తట్టారన్నది కాదు, ఎవరు అదుపులోకి తెచ్చుకున్నారన్నది. అదుపు అంటే ఆటగాడు బంతిని పట్టుకోవడం గానీ డ్రిబుల్ చేయడం (నేలకు కొడుతూ నడపడం) గానీ. ఎరుపు జట్టు ఆటగాడు ఎంతో ఎత్తుకు ఎగిరి బంతిని తట్టాడనుకుందాం, అది నేల మీద ఒకసారి పడి లేచి నీలం జట్టు ఆటగాడి చేతికి చిక్కిందనుకుందాం. జంప్ గెలిచింది ఎరుపు జట్టే అన్నట్టు కనిపించినా, మొదటి అదుపు నీలం జట్టుది, బాణం ఎరుపు జట్టుది. బంతి ఎగరేసే రిఫరీ చూపు బంతి మీద, ఎగిరేవారి మీద ఉంటుంది గనుక, మొదటి అదుపు ఎవరికి దక్కిందో రెండవ రిఫరీ ప్రత్యేకంగా గమనించి టేబుల్‌తో సరిచూసుకోవాలి.

మొదటి జంప్ తరువాత ఎవరికీ అదుపు రాకముందే ఇద్దరు బంతిని పట్టుకుని పెనుగులాడితే?

అప్పుడు బాణాన్ని వాడడానికి లేదు, ఎందుకంటే బాణం ఇంకా పుట్టలేదు. బంతిని పట్టుకున్న ఆ ఇద్దరి మధ్యనే మధ్య వృత్తంలో మళ్లీ జంప్ బాల్ వేస్తారు. మొదటిసారి బంతిని తట్టినప్పటి నుంచి విజిల్ వరకు గడియారంలో గడిచిన సమయం గడిచినట్టే.

ఎగిరిన ఆటగాడు తట్టిన బంతి ఎవరినీ తాకకుండా నేరుగా హద్దు దాటితే అది అతడి ఉల్లంఘన (ఫౌల్ కాని నియమభంగం). ఎదుటి జట్టుకు త్రో-ఇన్ ఇస్తారు. ఆ త్రో-ఇన్ దక్కినంత మాత్రాన బాణం నిర్ణయమైపోదు. త్రో-ఇన్ తరువాత మైదానంలో బంతిని ఎవరు అదుపులోకి తెచ్చుకుంటారో చూసి, అప్పుడే రెండవ జట్టుకు బాణం పెట్టాలి. తొందరపడి ముందే పెట్టేసే స్కోరర్లు చాలామంది ఉంటారు.

ఏ ఏ సందర్భాలలో రిఫరీ బాణం వైపు చూస్తాడు?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది హెల్డ్ బాల్. రెండు జట్ల ఆటగాళ్లూ బంతిని గట్టిగా పట్టుకుని ఉండి, మోటుగా లాగితే తప్ప ఎవరికీ దక్కని స్థితి అది. బంతి ఎవరిని తాకి హద్దు దాటిందో రిఫరీలకు తెలియకపోయినా, వాళ్లు ఒకరితో ఒకరు విభేదించినా బాణమే తీర్పు. బంతి రిమ్‌కు (బాస్కెట్ చక్రానికి), బ్యాక్‌బోర్డ్‌కు (దాని వెనుక పలకకు) మధ్య ఇరుక్కుపోయినప్పుడూ అంతే. అయితే ఇంకా ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు శిక్షగా ఎదుటి జట్టు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) మిగిలి ఉంటే గానీ, చివరి ఫ్రీ త్రో తరువాత శిక్షలో భాగంగా ఎలాగూ బంతి ఒక జట్టుకు దక్కవలసి ఉంటే గానీ బాణం అవసరం రాదు. చివరి ఫ్రీ త్రో పడకపోయి, అదే సమయంలో రెండు జట్లవారూ ఉల్లంఘన చేసినప్పుడు కూడా బాణాన్నే ఆశ్రయిస్తారు.

డబుల్ ఫౌల్ సంగతి కాస్త ఓపికగా చూడాలి. ఇద్దరు ప్రత్యర్థులు ఒకరి మీద ఒకరు ఫౌల్ చేసిన సమయానికి బంతి ఎరుపు జట్టు అదుపులో ఉంటే, మళ్లీ ఎరుపు జట్టుకే త్రో-ఇన్ ఇస్తారు. బాణంతో పని లేదు. బంతి ఎవరి అదుపులోనూ లేకుండా, ఎవరికీ హక్కుగా రావలసి లేకుండా ఉంటే మాత్రం బాణం చూడాలి. సమానమైన శిక్షలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి, ఇంకేమీ మిగలనప్పుడు కూడా ఇదే లెక్క.

మొదటిది తప్ప మిగిలిన అన్ని క్వార్టర్లూ, అన్ని ఓవర్‌టైమ్‌లూ (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయాలు) బాణం ప్రకారమే మొదలవుతాయి.

షాట్ వేయడానికి గాలిలోకి లేచిన ఆటగాడి బంతిని ప్రత్యర్థి గట్టిగా పట్టుకుంటే అది ట్రావెలింగ్ (బంతిని పట్టుకుని నియమం మించి అడుగులు వేసే ఉల్లంఘన) అవుతుందా?

కాదు. ఇద్దరి చేతులూ బంతి మీద గట్టిగా ఉండగా నేల మీదికి దిగితే అది హెల్డ్ బాల్, బాణం ప్రకారం నిర్ణయం. గాలిలో ఇద్దరూ బంతిని పట్టుకుని ఉండి, దిగేటప్పుడు ఒకరి పాదం హద్దు గీత మీద పడినా అదే నిర్ణయం.

బాణాన్ని సరిగ్గా ఏ క్షణంలో తిప్పాలి?

ఈ ప్రశ్న ఒక్కటి బాగా ఒంటబడితే మిగిలినవాటిలో సగం వాటంతటవే విడిపోతాయి. బాణం తిరగవలసింది రిఫరీ విజిల్ ఊదినప్పుడు కాదు, బంతిని త్రో-ఇన్ వేసే ఆటగాడి చేతికి ఇచ్చినప్పుడూ కాదు. బాణం ప్రకారం ఇచ్చిన ఆ త్రో-ఇన్ ముగిసినప్పుడు. బంతి ఆటగాడికి అందుబాటులోకి రావడంతో ఆ త్రో-ఇన్ మొదలవుతుంది. మైదానంలోని ఎవరైనా ఆటగాడిని బంతి తాకినప్పుడు గానీ, అతడు దానిని నియమబద్ధంగా తాకినప్పుడు గానీ ముగుస్తుంది. త్రో-ఇన్ వేసే జట్టు ఉల్లంఘన చేసినా ముగిసినట్టే. విసిరిన బంతి వెళ్లి రిమ్‌కు, బ్యాక్‌బోర్డ్‌కు మధ్య ఇరుక్కున్నా ముగిసినట్టే, అయితే అది చాలా అరుదు.

విజిల్ వినగానే బాణం తిప్పేయడం స్కోరర్లకు త్వరగా పట్టే చెడ్డ అలవాటు. చాలాసార్లు దానివల్ల నష్టమేమీ కనబడదు, అందుకే ఆ అలవాటు పోదు కూడా. కానీ విజిల్‌కు, బంతి తాకడానికి మధ్య ఉన్న ఆ కొద్ది సెకన్లలో ఫౌల్ పడిందంటే బాణం తప్పు దిక్కున నిలబడిపోతుంది. అటువంటప్పుడు అది తిప్పిన బాణమా, తిప్పవలసిన బాణమా అన్నది టేబుల్ దగ్గర ఎవరికీ గుర్తుండదు.

త్రో-ఇన్ జరుగుతుండగా ఫౌల్ పడితే బాణం ఏమవుతుంది?

ఉన్నచోటే ఉంటుంది. నీలం జట్టుకు బాణం ప్రకారం త్రో-ఇన్ ఇచ్చారు, బంతి ఇంకా విసరకముందే ఎరుపు జట్టు ఆటగాడు ఫౌల్ చేశాడనుకుందాం. ఆ ఫౌల్‌కు తగిన శిక్ష వేస్తారు, నీలం జట్టు బాణం మాత్రం ఖర్చు కాదు. తదుపరి సందర్భంలోనూ హక్కు నీలం జట్టుదే. ఫౌల్ చేసింది నీలం జట్టువారే అయినా వాళ్లు బాణాన్ని కోల్పోరు. బంతి ఎరుపు జట్టుకు వెళ్తుంది, బాణం నీలం జట్టు దగ్గరే మిగులుతుంది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది గానీ, త్రో-ఇన్ ముగియలేదు కాబట్టి దాని హక్కు తీరలేదన్నది ఇక్కడి తర్కం.

ఫౌల్‌కు బదులు ఉల్లంఘన జరిగితే?

ఎవరు చేశారన్న దానిని బట్టి ఉంటుంది. త్రో-ఇన్ వేసే నీలం జట్టు ఆటగాడు ఐదు సెకన్లలోపు బంతిని విడవలేదనుకుందాం. అప్పుడు త్రో-ఇన్ ఎరుపు జట్టుకు పోతుంది, బాణం కూడా వెంటనే ఎరుపు జట్టు వైపు తిరుగుతుంది. ఒకే పొరపాటుకు రెండు నష్టాలన్నమాట. ఇది కఠినమే గానీ అన్యాయం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్లకు రావలసిన అవకాశం వచ్చింది, దానిని వాళ్లే వినియోగించుకోలేదు.

ఉల్లంఘన ఎదుటి జట్టుదైతే లెక్క మారుతుంది. నీలం జట్టు విసిరిన బంతిని ఎరుపు జట్టు ఆటగాడు కావాలని కాలితో తన్నితే అది నియమబద్ధంగా తాకడం కాదు కాబట్టి, బాణం ప్రకారం ఇచ్చిన త్రో-ఇన్ ముగియలేదు. నీలం జట్టుకు మళ్లీ త్రో-ఇన్ ఇస్తారు, కానీ ఈసారి అది తన్నినందుకు ఇచ్చేది. బాణం నీలం జట్టుకే ఉంటుంది.

హాఫ్ టైమ్‌లో బాణాన్ని తిప్పుతారని విన్నాం. హక్కు మారినట్టేనా?

హక్కు మారదు, దిక్కు మాత్రమే మారుతుంది. రెండవ సగంలో జట్లు బాస్కెట్లు మార్చుకుంటాయి. బాణం చూపేది దాడి చేసే దిక్కును గనుక, అదే జట్టుకు హక్కు నిలవాలంటే మొదటి సగం ముగిసిన వెంటనే స్కోరర్ దానిని తిప్పాలి. ఓవర్‌టైమ్‌లో జట్లు నాల్గవ క్వార్టర్‌లో ఆడిన బాస్కెట్ల వైపే ఆడతాయి కాబట్టి అక్కడ ఈ పని ఉండదు.

చూడడానికి చిన్న విషయమే అయినా పొరపాట్లకు ఇది పుట్టిల్లు. మొదటి సగం ముగియగానే ఒకసారి తిప్పాలి. విరామం తరువాత మూడవ క్వార్టర్ మొదలుపెట్టే త్రో-ఇన్ ముగియగానే మరోసారి తిప్పాలి. ఆడిన సమయం లెక్కన చూస్తే ఈ రెండు తిప్పుళ్ల మధ్య ఒక్క సెకను కూడా గడవదు. “ఇందాకే తిప్పాను కదా” అనుకుని స్కోరర్ రెండవదానిని వదిలేస్తే, మిగిలిన ఆటంతా బాణం తలకిందులుగా నడుస్తుంది. అందుకే అనుభవం ఉన్న రిఫరీ మూడవ క్వార్టర్ మొదలయ్యే ముందు టేబుల్ దగ్గరికి వెళ్లి, బాణం ఏ రంగు జట్టుదని నోటితో అడిగి తెలుసుకుంటాడు, త్రో-ఇన్ తరువాత అది తిరిగిందో లేదో ఒక కంటితో చూసుకుంటాడు.

ఇదంతా జరుగుతుండగా మైదానంలో పరుగెడుతున్న రిఫరీ బాణాన్ని ఎలా గుర్తుంచుకుంటాడు?

బాణాన్ని తిప్పే బాధ్యత స్కోరర్‌దే, రిఫరీ దానిని చూసి నిర్ణయం చెబుతాడు. సంజ్ఞల క్రమంలోనే ఈ సరిచూపు ఇమిడి ఉంది: రెండు బొటనవేళ్లూ పైకెత్తి జంప్ బాల్ పరిస్థితి (బంతి ఎవరిదో తేలని పరిస్థితి) అని చూపడం, తరువాత బాణం వైపు చూసి ఆ దిక్కుకు వేలు చూపడం. బొటనవేళ్లు ఎత్తడానికి, దిక్కు చూపడానికి మధ్య ఒక క్షణం ఆగి టేబుల్‌ను చూసేవాడు తక్కువ తప్పులు చేస్తాడు. ఊహించిన దిక్కును ముందే చూపేసి, తరువాత బాణం వేరుగా ఉందని తెలిసి చేయి వెనక్కు తీసుకోవడం కన్నా ఇబ్బందికరమైనది మరొకటి లేదు.

అయినా పూర్తిగా స్కోరర్ మీద ఆధారపడకుండా, చాలామంది రిఫరీలు తమకంటూ ఒక గుర్తు పెట్టుకుంటారు. కొందరు మణికట్టుకు రబ్బరు బ్యాండ్ వేసుకుని, బాణం తిరిగిన ప్రతిసారీ దానిని ఒక చేతి నుంచి మరొక చేతికి మారుస్తారు. కొందరు ఒక నాణేన్ని ఒక జేబులోంచి మరొక జేబులోకి వేస్తారు. ఏది వాడినా ఒక షరతు ఉంది: కుడి చెయ్యి అంటే కుడివైపు బాస్కెట్ అని కాకుండా, కుడి చెయ్యి అంటే ముదురు రంగు జట్టు అని పెట్టుకోవాలి. దిక్కుతో ముడిపెట్టిన గుర్తు హాఫ్ టైమ్‌లో తలకిందులవుతుంది, జట్టుతో ముడిపెట్టిన గుర్తు ఆట చివరిదాకా నిలుస్తుంది. టేబుల్‌కు ఎదురుగా నిలబడిన రిఫరీ కుడి, టేబుల్ వెనుక కూర్చున్న స్కోరర్‌కు ఎడమ అవుతుందన్నది కూడా మరవకూడదు. అందువల్ల వాళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడు కుడి, ఎడమ అనే మాటలే వాడకుండా జట్టు రంగు చెప్పుకోవడం మేలు.

బ్యాండ్ మార్చే సమయం కూడా బాణం తిరిగే సమయమే కావాలి. బంతి మైదానంలో ఆటగాడికి తగలకముందే మార్చేస్తే, స్కోరర్ చేసే పొరపాటునే రిఫరీ కూడా చేసినట్టవుతుంది; ఇద్దరిదీ ఒకే తప్పయితే సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

అందరూ మరచిపోతే బాణాన్ని తిరిగి కనిపెట్టడానికి దారి ఉందా?

ఉంది, సరి బేసి లెక్క చాలు. ఆట మొదట్లో బంతి దక్కని జట్టుకు మొదటి హక్కు వస్తుంది కాబట్టి, బాణం ప్రకారం జరిగిన మొదటి, మూడవ, ఐదవ త్రో-ఇన్‌లు ఆ జట్టువి. రెండవ, నాల్గవ, ఆరవ త్రో-ఇన్‌లు మొదట బంతి దక్కించుకున్న జట్టువి. ఇప్పటివరకు ముగిసినవి ఐదు అయితే తరువాతిది ఆరవది, అంటే మొదట బంతి దక్కించుకున్న జట్టుది.

లెక్కించేటప్పుడు క్వార్టర్ మొదట్లో వేసిన త్రో-ఇన్‌లను కలపడం మరవకూడదు. అలాగే ఫౌల్ పడి మధ్యలో ఆగినవాటిని, కాలితో తన్నడం వల్ల ముగియనివాటిని కలపకూడదు. ఈ లెక్క కుదరాలంటే టేబుల్ దగ్గర ఒక తెల్ల కాగితం ఉండి, స్కోరర్ ప్రతిసారీ ఏ క్వార్టర్‌లో, గడియారంలో ఎంత సమయం ఉండగా బాణం తిరిగిందో ఒక ముక్కలో రాసుకోవాలి. బాణం ప్రస్తుత స్థితిని మాత్రమే చూపుతుంది, గతాన్ని చూపదు. ఆ కాగితమే దాని చరిత్ర.

పొరపాటున బంతిని తప్పు జట్టుకు ఇచ్చేస్తే సరిదిద్దవచ్చా?

త్రో-ఇన్‌లో విసిరిన బంతి మైదానంలో ఎవరికైనా తగిలేలోపు తెలిస్తే సరిదిద్దవచ్చు. తగిలిన తరువాత తెలిస్తే ఆట సాగిపోవలసిందే; వెనక్కు వెళ్లడం కుదరదు. అయితే నిజంగా హక్కు ఉన్న జట్టు ఆ పొరపాటు వల్ల తన వంతును కోల్పోదు. నీలం జట్టుకు రావలసిన బంతిని ఎరుపు జట్టుకు ఇచ్చి ఉంటే, తదుపరి సందర్భానికి బాణం నీలం జట్టు వైపే ఉంచాలి. ఇటువంటి సమయంలో స్కోరర్ అలవాటుగా బాణం తిప్పే అవకాశం ఎక్కువ కాబట్టి, రిఫరీ దగ్గరుండి చూసుకోవాలి.

కోచ్ వచ్చి బాణం తప్పుగా ఉందని వాదిస్తే?

బంతి ఆగిపోయి, గడియారం కూడా ఆగి ఉన్నప్పుడు ప్రధాన కోచ్ గానీ మొదటి సహాయక కోచ్ గానీ టేబుల్ దగ్గరికి వచ్చి గణాంక సమాచారం అడగవచ్చు. వాదించడానికి మాత్రం అది చోటు కాదు. రిఫరీ టేబుల్ వారితో మాట్లాడి, కాగితం చూసి, తన గుర్తుతో పోల్చి నిర్ణయం చెబుతాడు. కాగితం లేని టేబుల్ దగ్గర ఈ సంభాషణ ఎంతసేపు సాగుతుందో అనుభవించినవారికే తెలుసు.

క్వార్టర్ మొదట్లో త్రో-ఇన్ ఎక్కడ నుంచి వేస్తారు? ఆట మధ్యలో అయితే?

క్వార్టర్ మొదట్లో టేబుల్‌కు ఎదురుగా ఉన్న పక్క గీత వద్ద, మధ్య గీత పొడిగింపు నుంచి వేస్తారు. వేసే ఆటగాడు ఆ పొడిగింపుకు అటొక పాదం, ఇటొక పాదం ఉంచి నిలబడతాడు, బంతిని మైదానంలో ఎటైనా విసరవచ్చు. ఆట మధ్యలో అయితే సంఘటన జరిగిన చోటుకు దగ్గరలోని హద్దు నుంచి వేస్తారు, బ్యాక్‌బోర్డ్‌కు సరిగ్గా వెనుక నుంచి మాత్రం వేయరు.

క్వార్టర్ విరామంలో టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన వంటివాటికి పడే ఫౌల్) పడితే ఒక ఫ్రీ త్రో వేయించి, ఆ తరువాత బాణం ప్రకారమే క్వార్టర్ మొదలుపెడతారు. కానీ శిక్షలో ఫ్రీ త్రోలతోపాటు బంతి కూడా ఇవ్వవలసిన అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్) వంటిదైతే, క్వార్టర్ ఆ శిక్షతోనే మొదలవుతుంది. బాణం వాడనట్టే లెక్క, కాబట్టి తిరగదు.

హెల్డ్ బాల్ తరువాత షాట్ క్లాక్ (జట్టు షాట్ వేయడానికి మిగిలిన సమయం చూపే గడియారం) మొదటికి వస్తుందా?

బంతి ఎవరి అదుపులో ఉండగా ఆగిందో, బాణం వల్ల మళ్లీ ఆ జట్టుకే దక్కితే షాట్ క్లాక్ ఆగినచోటు నుంచే సాగుతుంది. ఎరుపు జట్టుకు 3 సెకన్లే మిగిలి ఉండగా హెల్డ్ బాల్ అయి, బాణం ఎరుపు జట్టుదే అయితే వాళ్ల దగ్గర ఉన్నది ఆ 3 సెకన్లే. బంతి చేతులు మారితే కొత్త జట్టుకు త్రో-ఇన్ మైదానంలో అది కాపాడుకునే వెనుక సగంలో అయితే 24 సెకన్లు, అది దాడి చేసే ముందు సగంలో అయితే 14 సెకన్లు ఇస్తారు. షాట్ వేసిన బంతి రిమ్‌కు, బ్యాక్‌బోర్డ్‌కు మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం అదే జట్టుకు తిరిగి దక్కినా 14 సెకన్లు వస్తాయి.

బాణం పరికరానికి కొలతలు ఉన్నాయా?

ఉన్నాయి. కనీసం 100 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. వెలిగినప్పుడు కాంతివంతమైన ఎరుపు రంగులో కనిపించాలి. టేబుల్ మధ్యలో, రిఫరీలు మొదలుకొని ప్రేక్షకుల వరకు అందరికీ కనబడేలా ఉండాలి. చిన్న పోటీలలో విద్యుత్ పరికరం లేకపోతే అట్టముక్క మీద గీసిన బాణమైనా పని జరుపుతుంది, కానీ దాని మీద నీళ్ల సీసాలు, కాగితాలు పేరుకోకుండా చూసుకోవాలి.

అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఈ బాణం ఎందుకు కనిపించదు?

అక్కడ ఈ పద్ధతి లేదు కాబట్టి. హెల్డ్ బాల్ అయితే బంతిని పట్టుకున్న ఇద్దరి మధ్య, దగ్గరలోని వృత్తంలో జంప్ బాల్ వేస్తారు. క్వార్టర్ల విషయంలో ముందే తేలిన వరస ఉంది: ఆట మొదటి జంప్ గెలిచిన జట్టు నాల్గవ క్వార్టర్‌ను, ఓడిన జట్టు రెండవ, మూడవ క్వార్టర్లను బంతితో మొదలుపెడతాయి. ఓవర్‌టైమ్ మళ్లీ జంప్ బాల్‌తో మొదలవుతుంది. అమెరికా కళాశాల పురుషుల ఆటలో బాణం ఉంది గానీ, అక్కడ కూడా ఓవర్‌టైమ్ జంప్ బాల్‌తోనే మొదలవుతుంది, దానితో బాణాన్ని కొత్తగా పెట్టుకోవాలి. రెండు రకాల పోటీలలోనూ పనిచేసే రిఫరీలు తడబడేది ఎక్కువగా ఈ ఓవర్‌టైమ్ దగ్గరే.

ముగ్గురేసి ఆడే ఫిబా త్రీ ఎక్స్ త్రీ ఆటలో ఇంకా సులువు: జంప్ బాల్ పరిస్థితి వస్తే బంతి రక్షణ జట్టుకే ఇస్తారు, బాణమే అక్కరలేదు.

మరి రక్షణ జట్టు కష్టపడి హెల్డ్ బాల్ సాధించినా, బాణం వల్ల బంతి దాడి చేసే జట్టుకే తిరిగి వెళ్లడం న్యాయమేనా?

ఈ పద్ధతి మీద ఉన్న బలమైన ఫిర్యాదు ఇదే, దానిని కొట్టిపారేయలేం. చివరి నిమిషంలో ప్రత్యర్థి చేతిలోని బంతిని ఒడిసిపట్టి ఆపిన ఆటగాడికి, ఎప్పుడో నాల్గవ క్వార్టర్ మొదట్లో తిరిగిన బాణం కారణంగా ఏమీ దక్కకపోవడం బాధాకరమే. ఆ సంఘటనను విడిగా చూస్తే జంప్ బాల్ గానీ, త్రీ ఎక్స్ త్రీ పద్ధతి గానీ ఎక్కువ న్యాయంగా తోస్తాయి. ఆట మొత్తాన్ని చూస్తే మాత్రం వంతులు సమానంగా పంచబడతాయి, బంతి ఎగరేయడంలో రిఫరీ చేయి ఎటు వాలిందన్నది ఫలితాన్ని నిర్ణయించదు, ఆట త్వరగా మళ్లీ మొదలవుతుంది. పైగా బాణం ఎటు ఉందో రెండు జట్లకూ ముందే తెలుసు. బాణం తమవైపు ఉన్నప్పుడు రక్షణ జట్టు బంతి మీద చేతులు వేసి హెల్డ్ బాల్ కోసం ప్రయత్నించడం, లేనప్పుడు బంతిని తట్టి వదిలించడానికి చూడడం వివేకం గల కోచ్‌లు నేర్పే విషయమే. ఆ పెనుగులాటలో ఫౌల్ ఎక్కడ మొదలైందో చూడడం రిఫరీ పని, అందుకు అతడి కళ్లు టేబుల్ మీద కాకుండా చేతుల మీద ఉండాలి. బాణాన్ని విజిల్ తరువాత చూసుకోవచ్చు.